కట్ట కింద నడిచే ఉద్యోగం

"బాబాయ్, అక్కడ చేసే పనేముంది? కట్ట మీద ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగి రావడమేగా!"

మొన్న ఆదివారం పెదకాకాని గుడి దగ్గర కొత్త బండికి పూజ చేయించుకుని, టైర్లకు నిమ్మకాయ పిప్పి ఇంకా అంటుకుని ఉండగానే మా ఇంటికొచ్చాడు మా వీధి కుర్రాడు. డిప్లొమా సివిల్ చదివాడు. ప్రకాశం వైపు ఒక మట్టి కట్ట రిజర్వాయరు మీద ఏజెన్సీ ద్వారా వర్క్ ఇన్‌స్పెక్టరు పని దొరికింది. ఆ నీళ్ళు కొన్ని ఊళ్ళకు తాగడానికి, కొన్ని పొలాలకు తడికి. నేను నీటిపారుదల పనిలో ముప్పై ఏళ్ళు చేసి దిగినవాణ్ణి గనక సలహాకని వచ్చాడు. సలహా వినకముందే తీర్పు కూడా చెప్పేశాడు. వాడికి ఆ పూట చెప్పిందే, ఇలాంటి కట్టల మీద పనికి చేరే మిగతా పిల్లలకూ అక్కరకొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

వాడన్నదాంట్లో సగం నిజం. నడవడమే ఆ పని. కాకపోతే వాడు పై దారిలో బండి మీద తిరిగితే సరిపోతుందనుకుంటున్నాడు. పైనుంచి చూస్తే ఒక పక్క నీళ్ళు, ఒక పక్క పొలాలు, చల్లగాలి. కట్ట సంగతి మాత్రం ఏమీ తెలియదు. మట్టి కట్ట తన బాగోగులు చెప్పుకునేది కింద, నీళ్ళు లేని వైపు, వాలు దిగి నేలను తాకే చోట. దాన్ని కట్ట పాదం అనేవాళ్ళం, కాలేజీలో నువ్వు టో అని చదివి ఉంటావు. చేతికర్ర పట్టుకుని ఆ పాదం వెంట నడిచినందుకు నీకు జీతం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది మారుమూల సంగతి అనుకోకు. మన పెదకాకాని మండలంలోని తక్కెళ్ళపాడు ఫిల్టర్ బెడ్లలో శుద్ధయి గుంటూరు నగరానికి వెళ్ళేవి కృష్ణ నీళ్ళే. గుంటూరు ఛానల్లో పారేవీ అవే. వాటికి పైన ప్రకాశం బ్యారేజీ, ఆ పైన పులిచింతల, ఆ పైన నాగార్జున సాగర్. సాగర్ అనగానే అందరికీ రాతి కట్టడం, 26 గేట్లు, తెల్లగా దూకే నీళ్ళు కళ్ళ ముందు ఆడతాయి. ఫొటోలకు నిలబడేదీ అక్కడే. ఆ రాతి కట్టడం పొడవు 1,450 మీటర్లు. దానికి ఎడమ పక్క 2,560 మీటర్లు, కుడి పక్క 853 మీటర్లు మట్టి కట్ట ఉంది. లెక్క వేసుకో, మొత్తం పొడవులో పదింట ఏడు వంతులు మట్టే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. తట్టలకెత్తి మనుషులు మోసిన ఆ మట్టి ఇన్నేళ్ళుగా నీటి బరువును కాస్తూ అక్కడే ఉంది. దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నవాణ్ణి మాత్రం నేనింతవరకూ చూడలేదు.

వయసొక్కటే కట్టను చంపదు. ప్రకాశం వైపే ఉన్న కంభం చెరువు చూడు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా వేసిన కట్ట, విజయనగర కాలం నాటిది, ఇప్పటికీ నీళ్ళు ఆపుతోంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి కమిషన్ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఎవరో ఒకరు తరతరాలుగా కింద నడుస్తూ చూసుకోబట్టే అది ఉంది.

ఇక అసలు పని. మట్టి కట్ట నీళ్ళను పూర్తిగా ఆపేది కాదు, నెమ్మదిగా పోనిచ్చేది. సాధారణంగా నడుమ బిగువైన బంకమట్టి, రెండు పక్కలా వేరే మట్టి, దిగువన వడపోతకు ఇసుక, కంకర ఉంటాయి. ఊట లేని మట్టి కట్ట నేను చూడలేదు. ఆ ఊట మట్టిని లోపలే వదిలేసి తేటగా బయటికి రావాలి, అంతే. ముసలి కట్టలో తరచుగా చెడేది ఈ ఏర్పాటే. వడపోత పూడిపోతుంది. టో డ్రెయిన్లో తుంగ మొలుస్తుంది. తూము గోడకీ దాన్ని ఆనుకున్న మట్టికీ మధ్య సందు పడుతుంది. అప్పుడు నీళ్ళు కొత్త దారి వెతుక్కుని, ఆ దారిలోని మట్టిని రేణువు రేణువుగా పట్టుకుపోతాయి. బయట మొదలైన సన్నటి రంధ్రం లోపలికి పెరుగుతూ పోతుంది. మన రైతులు దాన్ని బుంగ అంటారు. అది అవతలి నీళ్ళను అందుకున్న రోజు గండి.

కాలేజీలు పెట్టాక కనిపెట్టిన విషయం కాదిది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనీ, ఉండకూడని ఆరు దోషాలనీ అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఆ ఆరింటిలో ఒకటి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఇంకొకటి. 2023 నవంబరు ఆఖరున సాగర్ కట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డప్పుడు నాకు ఆ శాసనం చెక్కినవాడే గుర్తొచ్చాడు.

కాబట్టి నువ్వు మొదట నేర్చుకోవలసింది ఊట రంగు. ఎంత వస్తోందన్న దానికంటే ఎలాంటిది వస్తోందన్నది ముందు. గుంటూరు యార్డులో మిర్చి కొనేవాడు టిక్కీలోంచి నాలుగు కాయలు తీసి, గుప్పిట్లో ఆడించి, చప్పుడు విని, విరిచి చూసి తేమ చెప్పేస్తాడు. ఆపాటి చూపు నీకూ రావాలి. దానికో చిన్న చిట్కా ఉంది. రంగులేని సీసాలు ఓ డజను దగ్గర పెట్టుకో. వారానికోసారి ఊట నీళ్ళు పట్టి, మూతపెట్టి, తేదీ, చోటు రాసి అతికించి, కిటికీ దగ్గర వరసగా పెట్టు. మర్నాడు పొద్దున అడుగున ఏముందో చూడు. కంటికి తేటగా కనిపించిన నీళ్ళు కూడా రాత్రికి రాత్రి అడుగున సన్నటి పొర దించుతాయి. పోయిన నెల సీసాలో లేని పొర ఈ నెల సీసాలో ఉంటే, ఇక ఆ ఊటను వారానికి కాదు, రోజూ చూడాలి. ఫోన్ ఆ రోజే చెయ్యాలి. ఈ పనికి పది రూపాయల ఖర్చు కూడా లేదు. ఎంత మంది చేశారని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండోది కొలత. ఊటను ఒక కాలవలోకి మళ్ళించి, వీ ఆకారపు గాడి (నాచ్) కోసిన రేకు పెట్టి ఉంటారు. నీళ్ళు గాడిలో ఎంత ఎత్తున పారుతున్నాయో సెంటీమీటర్లలో రాయాలి. ఇక్కడ కొత్తవాళ్ళందరూ పడే పొరపాటు ఒకటుంది. నిన్న 5, ఇవాళ 10 అంటే ఊట రెట్టింపయిందనుకుంటారు. అసలు లెక్క వేరు. తొంభై డిగ్రీల గాడిలో 5 సెంటీమీటర్లంటే సెకనుకు ముప్పాతిక లీటరు, 10 అంటే నాలుగు లీటర్ల పైచిలుకు. ఎత్తు రెట్టింపయితే నీరు ఐదున్నర రెట్లు దాటుతుంది. అందుకే అర సెంటీమీటరును కూడా చులకన చేయొద్దు. గాడిలో నాచు, ఆకులు తీసేశాకే కొలువు. నీటిమట్టం పెరిగితే ఊటా పెరుగుతుంది, అందులో భయం లేదు. పోయిన ఏడాది ఇదే మట్టం దగ్గర ఎంత ఉందో పాత రిజిస్టరు తీసి చూడు. మట్టం అంతే ఉండి ఊట పెరిగిందా, భయపడు. ఉన్నట్టుండి తగ్గిందా, అప్పుడూ సంతోషించకు. డ్రెయిన్ పూడి, ఆ నీళ్ళు ఇంకెక్కడో తేలబోతున్నాయేమో వెతుకు.

నా మొదటి పోస్టింగులో, ఊరి పేరెందుకులే, రిజిస్టరులో మూడు నెలల పాటు "సాధారణం, సాధారణం" అని రాశాను. ముందువాడు అలాగే రాశాడు, నేనూ రాశాను. ఒకరోజు అక్కడ కాలవలు, తూములు చూసుకునే లష్కరు, అక్షరం ముక్క రానివాడు, "అయ్యా, మే నెల్లో ఊళ్ళో గేదెలన్నీ ఆ మూలకే ఎందుకు మేతకు పోతున్నాయంటారు?" అని అడిగాడు. వెళ్ళి చూస్తే చుట్టూ గడ్డి ఎండి చొప్పగా ఉంటే అక్కడ మాత్రం పాతిక గజాల మేర పచ్చగా ఉంది. కాలితో తొక్కితే చెప్పు దిగబడింది. మేం పెట్టిన కొలత రేకుకు ఆ జాలు అందనే లేదు. వేరే దారిన వస్తోంది. ఆ ఏడు చెరువు నిండకముందే అక్కడ ఇసుక, కంకర పరిచి డ్రెయిన్ తవ్వారు. అప్పట్నుంచీ కొత్త కట్ట దగ్గరికి వెళ్తే ముందు గేదెల్నే చూస్తాను.

ఊట బురదగా మారితే ఏం చెయ్యాలి? ముందు ఏం చెయ్యకూడదో చెప్తాను. బయట నీళ్ళు వచ్చే నోటిని సిమెంటుతోనో, బంకమట్టితోనో, గోనె సంచులు కుక్కో మూసెయ్యొద్దు. ఊళ్ళోవాళ్ళు వచ్చి మూసెయ్యమంటారు, సర్పంచి కూడా అదే అంటాడు, నీ చేతులూ అదే చెయ్యబోతాయి. మూస్తే లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకో నోరు తెరుస్తుంది. నీళ్ళు రావాలి, మట్టి రాకూడదు. అందుకని ఊట నోటి మీద ముందు ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆ పైన పెద్ద కంకర వరసగా పరుస్తారు. నేలలోంచి ఇసుక ఉడుకుతున్నట్టు పైకి తంతుంటే దాని చుట్టూ సంచులతో బావి ఒర లాగా కట్టి, నీటిని కొంత ఎత్తున నిలబెట్టి, పక్కకు పారనిస్తారు. లోపలి వైపు, రిజర్వాయరు నీళ్ళలో సుడి కనిపిస్తే అక్కడ మూయడం వేరు, అది మంచిదే. అది కూడా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూసి చెప్పాక చేసే పని. నీ వంతు, ఆ ఇసుకా కంకరా సంచులూ జూన్ నాటికే కట్ట దగ్గర కుప్పగా ఉన్నాయో లేదో చూడటం. పోయిన ఏడాది కుప్పలో సగం ఎవరింటి పునాదిలోకి వెళ్ళిందో ఊళ్ళో అందరికీ తెలిసే ఉంటుంది.

ఎంత టైముంటుంది అని అడిగాడు మావాడు. 1976 జూన్ 5న అమెరికాలో, ఇడాహో రాష్ట్రంలో టీటన్ అనే మట్టి డ్యాం దగ్గర పొద్దున ఏడున్నర ప్రాంతంలో బురద ఊట చూశారు. రంధ్రం పూడ్చడానికి రెండు బుల్డోజర్లు దింపితే అవి అందులోకే జారిపోయాయి. మధ్యాహ్నం పన్నెండు కొట్టకముందే కట్ట తెగింది. 11 మంది పోయారు. అది ముసలి కట్ట కాదు, మొదటిసారి నింపుతున్న కొత్తది. మరి ఆ పొద్దున్నే అక్కడ మనిషే లేకపోతే ఎట్లా ఉండేదో ఊహించుకో.

బీటల సంగతి మన పిల్లలకు చెప్పక్కర్లేదు. నల్లరేగడి చేలో మే నెలలో కాలు ఇరుక్కునేంత నోళ్ళు చూసి పెరిగారు. కట్ట మీద బీట కనిపిస్తే మూడు చూడు. కట్ట పొడుగునా పోతోందా, అడ్డంగా పోతోందా? అడ్డంగా పోయేది నీళ్ళకు దారి, అది ఎక్కువ ప్రమాదం. ఒక పక్క దిగిందా? నెలవంకలా వంగి ఒక పక్క దిగిన బీట ఎండకు పడ్డది కాదు, వాలు జారబోతోందని. రిజర్వాయరు నీళ్ళు త్వరత్వరగా తీసేసినప్పుడు లోపలి వాలు అలా జారుతుంది, అప్పుడు అటు వైపు కూడా చూడు. మూడోది, పెరుగుతోందా? బీటకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి, మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకో. వారం తర్వాత మళ్ళీ కొలువు. కంటి అంచనా పనికిరాదు, రోజూ చూసే కంటికి పెరిగింది తెలియదు.

పందికొక్కులు, ఎండ్రకాయలు, చెదపుట్టలు, సర్కారు తుమ్మ, ఈ నాలుగూ కట్టకు బంధువుల్లాగా వచ్చి దిగుతాయి. బొరియ కనిపిస్తే చెయ్యి పెట్టకు, రక్తపింజర ఉండొచ్చు. గుర్తు పెట్టి రాయి. తుమ్మ మొలక వేలెడుండగానే పీకించు. మానైపోయాక మాత్రం అడక్కుండా పీకించొద్దు. వేళ్ళు లోపల కుళ్ళి సొరంగాలవుతాయి, దానికి పూడ్చే పద్ధతి వేరే ఉంది. కురచ గడ్డి ఉంటే మంచిదే, మట్టిని పట్టుకుంటుంది.

ఇంతవరకూ చెప్పింది లోపలి శత్రువు. పైనుంచి వచ్చేది ఇంకోటుంది. రాతి కట్టడం మీదుగా నీళ్ళు దూకితే తట్టుకోవచ్చు, మట్టి కట్ట మీదుగా దూకితే తట్టుకోదు. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 డ్యాం, సాగర్ లాగే నడుమ రాతి కట్టడం, పక్కలా మట్టి. లెక్కకు మించిన వరద వచ్చింది. రాయి నిలబడింది, రెండు పక్కల మట్టి కొట్టుకుపోయింది, కింద మోర్బీ పట్టణంలో వేలల్లో చనిపోయారు. మన దగ్గర 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టుకూ అదే జరిగింది. పైన పింఛా ప్రాజెక్టు తెగి వచ్చిన నీళ్ళు తోడయ్యాయి, మట్టి కట్ట పోయింది, పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళు ఇసుకలో కూరుకుపోయాయి. ఉన్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర మంత్రి రాజ్యసభలో చెప్పారు. దాని మీద రాజకీయం చాలా నడిచింది. నీకు కావలసింది రాజకీయం కాదు. గేటు ఊడిపోతే రిజర్వాయరు ఖాళీ అవుతుంది, గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022 ఆగస్టులో ఒకటి, 2023 డిసెంబరులో ఇంకొకటి అలాగే కొట్టుకుపోయాయి, నీళ్ళు సముద్రం పాలయ్యాయి. గేటు తెరుచుకోకపోతే మాత్రం కట్టే పోతుంది. అందుకని నీ పనిలో గేట్లు లేకపోయినా, వానలకు ముందు ప్రతి గేటూ ఎత్తి దించి చూశారా, జనరేటరు తిరిగిందా, డీజిలుందా అని అడిగి, ఎవరు ఏ తేదీన ఏం చెప్పారో నీ డైరీలో రాసుకో. మిగులు నీళ్ళు పోయే కలుజు ముందు చేపల కోసం వలకట్లు కట్టి ఉంటే అదీ రాయి.

రాయడం అన్నాను గనక చెప్తున్నాను, నీ ఉద్యోగాన్ని కాపాడేది కూడా ఆ రాతే. "కొంచెం లీకేజీ ఉంది" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయి: "సెప్టెంబరు 18, ఉదయం 6.40. చైనేజీ 1,250 మీటర్లు. పాదానికి 4 మీటర్ల దిగువన చెమ్మ, పొడవు 3, వెడల్పు 2 మీటర్లు. పోయిన వారం పొడవు 2. నీరు తేట. నాచ్ 5.2 సెం.మీ. రాత్రి వాన లేదు." కింద సంతకం, పక్కన ఆ రోజు నీటిమట్టం. ముందు ఫోను, తర్వాత ఫొటో, ఆ సాయంత్రానికి రిజిస్టరు. ఫొటోలో టేపు పెట్టు, లేకపోతే అది చెమ్మో చెరువో తెలియదు. వాట్సాప్‌లో పెట్టాను కదా అని ఊరుకోవద్దు. గ్రూపులో గుడ్ మార్నింగుల కింద నీ బుంగ కొట్టుకుపోతుంది.

ఏజెన్సీ పిల్లలకు ఒక భయం ఉంటుంది, ఉన్నదే. ఎక్కువ మాట్లాడితే వచ్చే నెల పేరుండదేమోనని. అందుకే నిందలు రాయొద్దు, కొలతలు రాయి. "నిర్లక్ష్యం వల్ల" అని నువ్వు రాస్తే అది గొడవ. "పొడవు 3 మీటర్లు, పోయిన వారం 2" అంటే దానితో గొడవ పెట్టుకునేవాడు ఎవడూ ఉండడు. మీ సారు "సర్లే, చూద్దాం" అంటే ఆ మాట కూడా తేదీ, టైముతో డైరీలో వెయ్యి, మర్యాదగా. 2021 డ్యాం భద్రతా చట్టం కింద 15 మీటర్ల ఎత్తు దాటిన కట్టలన్నీ వస్తాయి. 10 నుంచి 15 మీటర్ల మధ్యవి కూడా, పొడవు 500 మీటర్లకు తగ్గకపోతే వస్తాయి. వానలకు ముందు, వానల తర్వాత, వరద వచ్చినప్పుడు, ప్రమాద సూచన కనిపించినప్పుడు కట్ట చూసి తీరాలని ఆ చట్టం చెప్తుంది. కాబట్టి నువ్వు రాసిచ్చిన కాగితం మీ సారుకూ అవసరమే. ఆ ధైర్యంతో ఇవ్వు.

నీ సంగతి కూడా చూసుకో. నెలనెలా పీఎఫ్ నీ ఖాతాలో పడుతోందో లేదో ఫోన్లో నువ్వే చూసుకో. జీతం 21,000 లోపుంటే ఈఎస్ఐ కార్డు అడుగు. మోకాలి దాకా బూట్లు, టార్చి, వానకోటు చేరిన వారంలోనే రాతపూర్వకంగా అడుగు. రాత్రి కాపలాకు ఒక్కడివే వెళ్ళకు. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే నడువు, అప్పుడే వాలు మీద గుంటలకు నీడ పడి కనిపిస్తాయి, చెమ్మ కూడా ఆరిపోకుండా ఉంటుంది. ఇదే దారిలో పైకి పోవాలనుకుంటే ఏపీపీఎస్సీ ఏఈ పరీక్షకు చదువు. ఇప్పుడు డ్యాం భద్రతే ఒక చదువైంది, రూర్కీ ఐఐటీలో ఎంటెక్ కూడా పెట్టారు. కట్ట మీద నువ్వు రాసుకున్న రెండేళ్ళ డైరీ ఏ ఇంటర్వ్యూలోనైనా బల్ల మీద పెట్టొచ్చు.

చేరిన మొదటి వారంలో రెండే పనులు పెట్టుకో. అక్కడి పాత లష్కరును పట్టుకుని, టీ తాగించి, కట్ట పాదం వెంట ఆయన్ను ముందు నడిపించి నువ్వు వెనక నడువు. ఎక్కడ ఆగితే అక్కడ ఎందుకు ఆగారో అడుగు. రెండోది, కట్ట కొస నుంచి దూరం చెప్పే చైనేజీ రాళ్ళ మీద అంకెలు చెరిగిపోయి ఉంటాయి, రంగు డబ్బా తెచ్చి వేయించు, అవి లేకపోతే నువ్వు రాసిందేదీ ఎక్కడో తెలియదు. ఆ కొత్త బండి మాత్రం పైనే ఆపు. వాలు మీదుగా దింపితే టైరు గాడి పడుతుంది, మొదటి వానకే నీళ్ళు ఆ గాడిని కోసేస్తాయి.